సాలిడ్ పెయింట్ మార్కర్లు: ఏ ఉపరితలం మీద ఏ గుర్తు నిలుస్తుంది

డబ్బాలో ద్రవంగా కాక, గట్టి కడ్డీ రూపంలో చేతికి అందే పెయింటే సాలిడ్ పెయింట్ మార్కర్. దీనికి కుంచె అక్కరలేదు, ఇంకు మార్కర్‌లో ఉండే ఒత్తి అక్కరలేదు. రంగు పొడి, ఆ పొడిని పట్టి ఉంచే నూనె లేదా రెసిన్, ఆకారం నిలిపే మైనం కలిపి పోత పోస్తే వచ్చే ముద్ద ఇది. గీసినప్పుడు కడ్డీ కొన అరుగుతుంది. అరిగిన పొర వస్తువుకు అంటుకుని, ఆరి, పెయింట్ పొరగా మారుతుంది. బడిపిల్లల క్రేయాన్‌కూ దీనికీ తేడా ఆ ఆరడంలోనే ఉంది. క్రేయాన్ గీత ఎన్నాళ్లయినా మైనంగానే ఉండి, గోటితో గీకితే వస్తుంది. ఆరిన పెయింట్ గీత గోటికి రాదు.

బజారులో ఒకే పేరుతో అమ్ముడయ్యే ఈ కడ్డీలు నిజానికి మూడు జాతులు. మొదటిది అవిసెనూనె వంటి ఆరే నూనెతో చేసింది. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడటం వల్ల ఇది ఆరుతుంది. అందుకు ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. రెండోది ద్రావకాన్ని మైనంతో గడ్డకట్టించి చేసింది. ద్రావకం ఆవిరై పోగానే కొన్ని నిమిషాల్లో ఆరుతుంది. అందుకే దీనికి మూత బిగువుగా ఉండే ప్లాస్టిక్ గొట్టం, అడుగున తిప్పితే కడ్డీ పైకి వచ్చే ఏర్పాటు ఉంటాయి. మూడోది మైనం, రెసిన్, రంగు మాత్రమే ఉన్నది. ఇది క్రేయాన్‌లాగే ఆరదు, చల్లబడి గట్టిపడుతుంది. కలప మీద, టైర్ల మీద, గొర్రెల మీద వాడేవి చాలావరకు ఈ మూడో జాతివే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో తయారయ్యే మార్కల్ పెయింట్‌స్టిక్‌లు, జపాన్‌లో 1921లో మొదలైన సకురా సంస్థ సాలిడ్ మార్కర్లు ఈ రంగంలో ప్రపంచమంతటా పరిచితమైన పేర్లు. ఆయిల్ పాస్టెళ్లను 1925లో బజారులోకి తెచ్చింది కూడా ఆ సకురాయే. చిత్రకారుల సాధనం, కర్మాగారపు సాధనం ఒకే కుదురు నుంచి వచ్చాయనడానికి అది మంచి సాక్ష్యం. అమెరికన్ శిల్పి రిచర్డ్ సెర్రా ఇటువంటి కడ్డీల రంగుతోనే నల్లటి భారీ చిత్రాలు గీశాడు.

హైదరాబాదుకు దక్షిణంగా, 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న షాద్‌నగర్ ప్రాంతం ఏ తలం మీద ఏ గుర్తు నిలుస్తుందో పరిశీలించడానికి అనువైనది. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ పట్టణానికి ఉత్తరాన కొత్తూరు, నందిగామల్లో, దక్షిణాన బాలానగర్‌లో కర్మాగారాలు ఉన్నాయి. ఇనుము కరిగించి సాగదీసే మిల్లులు, ఫ్యాబ్రికేషన్ షెడ్లు, మందుల కంపెనీలు, గోదాములు ఒకపక్క. ఇళ్ల స్థలాల వెంచర్లలో పాతిన హద్దురాళ్లు, రోడ్డు పక్క పంచర్ షాపులు, మేతకు తిరిగే గొర్రెల మందలు ఇంకోపక్క. ఇనుము, రాయి, ప్లాస్టిక్, రబ్బరు, ఉన్ని, చెట్టు బెరడు అన్నీ ఒకే దారి మీద కనిపిస్తాయి. అన్నిటి మీదా ఎవరో ఒకరు ఏదో ఒక గుర్తు పెట్టక తప్పదు.

కడ్డీ రాకముందు ఈ పనికి రెండు వస్తువులు ఉండేవి. ఒకటి జాజు, మరొకటి బలపం. జాజు ఇనుప ఆక్సైడు కలిసిన ఎర్రమట్టి. తెలంగాణ పల్లెల్లో గోడల అంచులకు, గడపలకు పూసేది, వడ్రంగులు దారానికి పట్టించి కలప మీద గీత కొట్టేది ఇదే. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టలో ఇసుకరాతి మీద చరిత్రపూర్వ మానవుడు వేసిన బొమ్మల్లో ఎరుపు ఈ జాతి రంగే. బలపం మెత్తటి సబ్బురాయి. దాని కథ వేరు. మార్కాపురం పలక మీద బలపంతో రాసింది తడిగుడ్డకు పూర్తిగా పోతుంది, మళ్లీ రాస్తే మళ్లీ పడుతుంది. ఒక గుర్తు వేల ఏళ్లు నిలిచింది, ఇంకొకటి క్షణంలో చెరిగింది. రెండూ తమ పని సరిగ్గానే చేశాయి. పెయింట్ మార్కర్ల గురించి మాట్లాడేటప్పుడు తరచుగా మరిచిపోయే సంగతి ఇదే. గుర్తు ఎంత గట్టిగా అంటుకుందన్నది సగం ప్రశ్న మాత్రమే. ఆ వస్తువు తర్వాత ఏ పనికి పోతుంది, అప్పుడు గుర్తు ఉండాలా పోవాలా అన్నది మిగతా సగం. పని చెడేది ఎక్కువగా ఈ రెండో సగంలోనే.

గుర్తు అంటుకోవడాన్ని నాలుగు సంగతులు నిర్ణయిస్తాయి. మొదటిది గరుకుతనం. ఆకురాయిలా ఉన్న తలం కడ్డీని ఎక్కువగా అరగదీసి మందమైన పొర పట్టుకుంటుంది, నునుపైన తలం మీద మెత్తటి కడ్డీ అయితేనే రంగు దిగుతుంది. రెండోది పీల్చుకునే గుణం. ఇటుక, సున్నపురాయి, కలప నూనెను లోపలికి లాగేసుకుంటాయి, రంగు పొడి పైన మిగులుతుంది. మూడోది ఉపరితల శక్తి. శుభ్రమైన లోహానికీ గాజుకూ ఇది ఎక్కువ కాబట్టి రంగు వాటి మీద చక్కగా పరుచుకుంటుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్కులకు తక్కువ కాబట్టి ఎంత మంచి రంగైనా వాటిని పట్టుకోలేదు. నాలుగోది వేడి. ఇది తలం ఎంత వేడిగా ఉందన్న దాని మీదే కాక, కడ్డీ ఏ వేడికి మెత్తబడుతుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఇనుము విషయం అన్నిటికన్నా విస్తారమైనది. రోలింగ్ మిల్లు నుంచి కొత్తగా వచ్చిన రేకు, యాంగిల్, చానెల్ మీద నీలి నలుపు పొర ఒకటి ఉంటుంది. వేడి ఇనుము గాలి తగిలి ఏర్పరచుకున్న ఆక్సైడు పొలుసు అది. చూడటానికి గట్టిగా, గీయడానికి నునుపుగా ఉంటుంది కనుక మార్కర్ దాని మీద అందంగా పడుతుంది. కానీ వస్తువు ఆరుబయట రెండు వానలకు తడిస్తే ఆ పొలుసు పెచ్చులుగా ఊడుతుంది, దాంతోపాటే గుర్తూ పోతుంది. ఇక్కడ రంగు తప్పేమీ లేదు, రంగు అంటుకున్న పునాదే లేచిపోయింది. తుప్పు సంగతీ అంతే. తుప్పు మీద కూడా రాస్తుందని కంపెనీలు చెప్పేది నిజమే. కడ్డీని అదిమి రుద్దితే పొడి తుప్పు పక్కకు తొలగి రంగు కిందికి దిగుతుంది. అయితే రాయడం వేరు, నిలవడం వేరు. యార్డులో నెలల తరబడి ఉండాల్సిన సరుకైతే వైరు బ్రష్‌తో అరచేయంత చోటు గీకి, అక్కడ గుర్తు పెట్టడం తప్ప దగ్గరి దారి లేదు.

నూనె అంటిన ఇనుము మీద ఈ కడ్డీలు ఇంకు మార్కర్ల కన్నా చాలా మెరుగు. పలచటి నూనె పొరను కడ్డీలోని ద్రావకమో నూనో తనలో కలుపుకుని లోహాన్ని చేరుకుంటుంది. ఇంకు మార్కర్ అయితే ఆ నూనెకే ఒత్తి మూసుకుపోయి రెండు గీతలకే మూలన పడుతుంది. మందమైన గ్రీజు మీద మాత్రం కడ్డీ కూడా జారుతుంది, ముందు గుడ్డతో తుడవాలి. తడి లోహం మీద నూనె, మైనం ఎక్కువగా ఉన్న కడ్డీ పనికొస్తుంది, రుద్దుతున్నప్పుడు అది నీటి పొరను నెట్టేస్తుంది. రంగు మొదట అక్కడక్కడా మాత్రమే పడుతుంది కనుక అదే గీతను మళ్లీ మళ్లీ రుద్దాలి.

కడ్డీ గీత వేలెడంత వెడల్పు. కాబట్టి కొలత గీతకు ఇది పనికిరాదు. మిల్లీమీటరు తేడా రాకూడని చోట గీతకు ఉక్కుముల్లు, గ్యాస్ కటింగ్ దారికి చదునుగా అరగదీసిన సబ్బురాతి బలపం వాడటమే సరైన పద్ధతి. సబ్బురాయి గీత మంటను తట్టుకుని తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. పెయింట్ గీత మంట తగలగానే నల్లబడి పొగ చిమ్ముతుంది. వెల్డింగ్ అంచు మీద పెయింట్ ఉంటే ఇంకా చేటు. రంగులోని నూనె, మైనం మండి వాయువులుగా మారి కరిగిన లోహంలో చిక్కుకుంటాయి, అతుకులో సన్నటి బోలు గుంతలు మిగులుతాయి. పైకి బాగున్న అతుకు ఎక్స్‌రే పరీక్షలో తప్పడానికి ఇదొక కారణం. కాబట్టి పెయింట్ మార్కర్ స్థానం ముక్క మధ్యలో ఉండాలి. ముక్క నంబరు, సైజు, గ్రేడు, పోత నంబరు వంటి గుర్తింపు వివరాలకు అది సాటిలేని సాధనం. అంచు దగ్గర దానికి పని లేదు.

జింక్ పూత వేసే కర్మాగారాలకు ఈ గుర్తుల మీద ఎప్పటినుంచో ఫిర్యాదు ఉంది, అది న్యాయమైనది కూడా. సెల్ టవర్లు, కరెంటు టవర్లు, రహదారి కంచె పట్టీలు జింక్‌లో ముంచి తీసినవే. ముందుగా క్షార ద్రావణంలో జిడ్డు పోగొడతారు, తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో తుప్పు, పొలుసు కరిగిస్తారు, చివరికి సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ఉన్న జింక్‌లో ముంచుతారు. ఆమ్లం తుప్పును తింటుంది, పెయింట్‌ను తినలేదు. బాగా ఆరిన నూనె రంగు క్షారానికి కూడా పూర్తిగా లొంగదు. ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఎవరో రాసిన ముక్క నంబరు అలాగే జింక్ తొట్టి దాకా వస్తుంది. రంగు ఉన్న చోట జింక్ పట్టదు. బయటికి తీసినప్పుడు మెరిసే తెల్లటి యాంగిల్ మీద ఆ నంబరు నల్లటి అక్షరాల్లో, పూత లేని ఖాళీగా కనిపిస్తుంది. ఆ అక్షరాల వెంటే తుప్పు మొదలవుతుంది. దిద్దాలంటే గ్రైండర్‌తో గీకి జింక్ పెయింట్ పూయాలి, లేదా పూత మొత్తం తీసేసి మళ్లీ ముంచాలి. పది రూపాయల పనికి వేల రూపాయల ఖర్చు. ఇందుకోసమే నీటిలోనో, ఆమ్లపు తొట్టిలోనో కరిగిపోయే ప్రత్యేక మార్కర్లు ఉన్నాయి. అవి అందకపోతే సబ్బురాయి, లేదా తీగతో కట్టే రేకు బిళ్ల మంచిది. పూత అయ్యాక కూడా నంబరు కావాలంటే ముక్క మీద అచ్చు కొట్టడం ఒక్కటే నమ్మదగ్గ దారి. ఇక్కడ గట్టిగా అంటుకునే మార్కరే చెడ్డ మార్కర్.

జింక్ పూత వేసిన ఇనుము మీద తర్వాత రాయడం వేరే చిక్కు. కొత్త జింక్ మీద ఆరే నూనెతో చేసిన రంగు మొదట అంటుకున్నట్టే ఉంటుంది. కాలక్రమంలో నూనెలోని ఆమ్లాలకూ జింక్‌కూ మధ్య సబ్బు వంటి పదార్థం ఏర్పడి పొర పెళుసుగా లేస్తుంది. ద్రావకంతో ఆరే రెసిన్ రకమే అక్కడ మేలు.

వేడి ఇనుము మరో లోకం. రోలింగ్ మిల్లులో బిల్లెట్లను, అంటే ఉక్కు దిమ్మలను, 1,100 నుంచి 1,200 డిగ్రీల దాకా కాచి సాగదీస్తారు. చల్లారుతున్న బిల్లెట్ మీద ఏ పోతకు చెందినదో రాయకపోతే తర్వాత పోల్చుకోవడం కుదరదు. మామూలు కడ్డీ అక్కడ కరిగి, మండి, మసి మిగులుస్తుంది. మైనం 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నూనెలూ సేంద్రియ రంగులూ రెండు మూడు వందల డిగ్రీలకు చెడిపోతాయి. అందుకే వేడి తలాలకు చేసిన కడ్డీల్లో టైటానియం డయాక్సైడ్ వంటి ఖనిజ రంగులు, వేడికి గాజులా అతుక్కునే ఖనిజ బంధకాలు ఉంటాయి. ఈ విషయంలో పసుపు రంగుతో జాగ్రత్త అవసరం. ఇనుప ఆక్సైడు పసుపులో నీటి అంశం ఉంటుంది. సుమారు 200 డిగ్రీలు దాటాక అది పోయి పసుపు కాస్తా జాజు ఎరుపుగా మారుతుంది. పసుపు అంటే ఒక గ్రేడు, ఎరుపు అంటే మరో గ్రేడు అని ఏర్పాటు చేసుకున్న యార్డులో ఆ మార్పు రెండు గ్రేడులను కలిపేస్తుంది. వేడికి మారే గుణాన్నే పనికి వాడుకునే సాధనం కూడా ఒకటి ఉంది. నిర్ణీత డిగ్రీల దగ్గర కరిగే కడ్డీతో గీత గీసి, అది కరగగానే వెల్డింగ్‌కు ముందు కావాల్సిన వేడి వచ్చిందని తెలుసుకుంటారు.

స్టెయిన్‌లెస్ స్టీలు, నికెల్, టైటానియం మిశ్రమాల మీద మార్కర్ రంగు కన్నా అందులోని మలినాలే ముఖ్యం. హైదరాబాదులో 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1973లో కంచన్‌బాగ్‌లో ఏర్పడ్డ మిశ్ర ధాతు నిగమ్ వంటి సంస్థల వల్ల ఈ లోహాలు తెలంగాణకు కొత్త కావు. మందుల కంపెనీల రియాక్టర్లు, గొట్టాలు కూడా ఎక్కువగా స్టెయిన్‌లెస్సే. రంగులో క్లోరైడు ఉంటే, వేడి, తేమ, లాగుడు బలం కలిసిన చోట లోహంలో జుట్టంత సన్నటి పగుళ్లు పుడతాయి. గంధకం నికెల్ మిశ్రమాలకు శత్రువు. సీసం, జింక్, తగరం వంటి తక్కువ వేడికి కరిగే లోహాలు రంగులో ఉంటే వెల్డింగ్ వేడికి అవి ద్రవమై స్టీలు రేణువుల మధ్యకు దూరి దాన్ని పెళుసు చేస్తాయి. ఇటువంటి చోట్ల మలినాల మోతాదు తెలిపే పరీక్షా పత్రం ఉన్న మార్కర్లనే వాడతారు. ధర ఎక్కువే. అయినా గొట్టం ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. సాదా ఇనుముకు వాడిన కడ్డీని స్టెయిన్‌లెస్ మీద వాడకూడదన్న నియమం కూడా ఇందుకే. కడ్డీ కొనకు అంటిన ఇనుప రజను స్టెయిన్‌లెస్ మీద తుప్పు మచ్చలుగా తేలుతుంది.

రాయి దగ్గరికి వస్తే, పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, నేల మీద ఎటు చూసినా ఉండే గరుకు గ్రానైటు మార్కర్లకు అనువైన తలం. వెంచర్లలో ప్లాటు నంబర్లు, సర్వే చేసేవాళ్ల బాణం గుర్తులు పడేది దీని మీదే. గరుకు గుంతల్లోకి రంగు దిగి పట్టుకుంటుంది కనుక ఏళ్ల తరబడి కనిపిస్తుంది. రాతి మీద మట్టి, నాచు, పొరలు పొరలుగా లేచే పాత చర్మం లేకుండా చూసుకోవాలి. పాలిష్ పట్టిన గ్రానైటు పలక సంగతి దీనికి పూర్తి వ్యతిరేకం. పైకి అద్దంలా ఉన్నా అందులో కంటికి కనిపించని వెంట్రుక పగుళ్లుంటాయి. నూనె వాటిలోకి దిగి నల్లటి నీడ మిగులుస్తుంది. తాండూరు, షాబాదు బండల వంటి సున్నపురాయి మీద ఆ నీడ ఇంకా వెడల్పుగా పాకుతుంది, రంగు గీకినా మరక పోదు. నేలకు పరిచే బండకు గుర్తు పెట్టాలంటే అడుగువైపు పెట్టాలి, లేదా సుద్దతో సరిపెట్టుకోవాలి.

కొత్త సిమెంటు మీద నూనె రంగు నిలవదు. పచ్చి కాంక్రీటు తీవ్రమైన క్షారం. అది అవిసెనూనె పొరను సబ్బుగా మార్చేస్తుంది, గుర్తు జిగటగా మారి రాలిపోతుంది. కాంక్రీటు నెల రోజుల పాటు గట్టిపడి, బాగా ఆరాక రాస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. రంగుల్లోనూ ఎంపిక ఉంది. క్షారానికి ప్రష్యన్ నీలం వెలిసిపోతుంది, ఇనుప ఆక్సైడు ఎరుపు, టైటానియం తెలుపు చెక్కుచెదరవు.

కోసిన కలప నూనెను పీలుస్తుంది. దుంగ చివర పచ్చిగా ఉన్నప్పుడు మైనపు కడ్డీయే నయం, నీటి అంశం దాన్ని అంతగా అడ్డుకోదు. టేకు మీద ఆరే నూనెతో చేసిన కడ్డీ ఆలస్యంగా ఆరుతుంది. టేకును చెదల నుంచి, కుళ్లు నుంచి కాపాడే సహజ పదార్థాల్లో కొన్ని నూనె ఆరే చర్యనే అడ్డుకుంటాయి. చిత్రిక పట్టిన చెక్క మీద పెయింట్ మార్కర్ వాడటం పొరపాటు. పైకి గీకేసినా రంగు నారల వెంట లోపలికి పోయి, వార్నిష్ వేసినప్పుడు మళ్లీ పైకి ఊరుతుంది. అటవీశాఖ దుంగలకు రంగు నంబరుతో ఆగక సుత్తెతో ముద్ర కొట్టించడానికి కారణం తేలిగ్గా అర్థమవుతుంది. రంగును మార్చవచ్చు, నొక్కుకుపోయిన ముద్రను మార్చడం కష్టం.

బతికున్న చెట్టు కలప కాదు. చుట్టుకొలత కొలిచే ఎత్తు, అంటే నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, ఏటా అదే చోట కొలవడానికి అడవుల్లో రంగు పట్టీ వేస్తారు. రోడ్డు వెడల్పు పనుల్లో చెట్లకు నంబర్లు రాస్తారు. చేవెళ్ల దారిలోని వందలాది మర్రిచెట్ల మీద అటువంటి రోడ్డు వెడల్పు చర్చే నడిచింది. బెరడు పెచ్చులు రాలే చెట్ల మీద ఏ గుర్తయినా కొంతకాలమే. మర్రి వంటి నునుపు బెరడు ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది. అయితే బెరడు గాలి పీల్చే సన్నటి రంధ్రాలు ఉన్న అవయవం. రంగు బాగా పట్టాలని బెరడును కత్తితో చెక్కి రాయడం చెట్టుకు గాయం చేయడమే, ఆ గాయంలోంచి పురుగు, బూజు చేరతాయి. ఘాటైన ద్రావకం ఉన్న మార్కర్ కన్నా మైనపు కడ్డీనో, నీటిలో కలిపే రంగునో పైబెరడు మీద చిన్నగా వాడితే చాలు.

గాజు మీద కడ్డీ సులభంగా రాస్తుంది, బ్లేడుతో సులభంగా పోతుంది. చిక్కు అంతకన్నా పాత అలవాటులో ఉంది. కొత్త భవనాల కిటికీ అద్దాలకు ఎవరూ గుద్దుకోకుండా సున్నంతో అడ్డగీతలు గీస్తారు. తేమ తగులుతూ ఆ సున్నం వారాల తరబడి ఉంటే క్షారం అద్దాన్ని తిని, కడిగినా పోని మసకను మిగులుస్తుంది. ఆ పనికి మైనపు కడ్డీ నిజంగా మెరుగైన మార్గం.

ప్లాస్టిక్ మీద ఎంపిక కష్టం. పీవీసీ గొట్టం, బోరు కేసింగ్ పైపు రంగును బాగానే పట్టుకుంటాయి, ద్రావకం వాటి పైపొరను కాస్త మెత్తబరచి అందులో కుదురుకుంటుంది. మందుల కంపెనీల్లో వాడే నీలం రంగు పాలిథిన్ డ్రమ్ములు, డ్రిప్పు పైపులు అలా కాదు. వాటి మీద గీత ఆరాక కూడా బొటనవేలితో రుద్దితే పొట్టులా లేస్తుంది. డ్రమ్ములో ఏముందో చెప్పే గుర్తు అలా చెరిగిపోవడం ప్రమాదకరం కాబట్టి అక్కడ మార్కర్ మీద ఆధారపడకూడదు, అతికించిన లేబులు, కట్టిన చీటీ తప్పనిసరి.

రబ్బరు మీద గుర్తును రబ్బరే బయటికి నెట్టేస్తుంది. ఎండకు, ఓజోన్‌కు పగలకుండా టైరులో కలిపే మైనాలు, రసాయనాలు మెల్లగా పైకి ఊరుతుంటాయి. అవి తెల్ల గీతను గోధుమరంగుకు తిప్పి, కింద నుంచి వదులు చేస్తాయి. పంచర్ షాపులో రంధ్రం దగ్గర పెట్టే గుర్తు గంటసేపు ఉంటే చాలు కాబట్టి పసుపు మైనపు కడ్డీ అక్కడ సరిగ్గా సరిపోతుంది. గోదాములో ఏళ్లుండే టైరుకు అది చాలదు.

గొర్రె మీద గుర్తు అన్నిటికన్నా పాత అవసరం, ఈ ప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరిది. మందలు కలిసినప్పుడు, సంతలో అమ్మినప్పుడు, మందు తాగించినప్పుడు ఏది ఎవరిదో, దేనికి మందు పడిందో తెలియాలి. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్ 20న మొదలుపెట్టిన పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం రాయితీతో ఇచ్చినప్పుడు వేల మందలు చేతులు మారాయి. చెవి పోగు శాశ్వత గుర్తు, రంగు తాత్కాలిక గుర్తు, రెండూ ఒకదానికి ఒకటి బదులు కావు. నెల్లూరు జాతి గొర్రెకు ఉండేది పొట్టి వెంట్రుక, దాని మీద మైనపు కడ్డీ గీత కొన్ని వారాలు కనిపిస్తుంది. దక్కని గొర్రె ఉన్ని మీద రంగు కొసలకే అంటి ఉంటుంది, ఉన్ని పెరిగే కొద్దీ తేలిపోతుంది. ఇనుము మీద వాడే పెయింట్ మార్కర్‌నే గొర్రెకు రాయడం రెండు విధాల తప్పు. ద్రావకం చర్మాన్ని కాల్చవచ్చు. ఆరిన నూనె రంగు ఉన్ని నుంచి సబ్బుకు రాదు, గొంగడి నేసే కురుమలకు ఆ ఉన్ని ఏరి పారేయాల్సిన సరుకవుతుంది. పశువుల కోసం ప్రత్యేకంగా చేసిన పారఫిన్ మైనపు కడ్డీలు ఉతుకులో పోయేలా చేస్తారు. బ్రిటన్, న్యూజిలాండ్ వంటి దేశాల్లో పొట్టేలు రొమ్ముకు తోలు పట్టీతో రంగు దిమ్మ కట్టి, అది దాటిన గొర్రె నడుము మీద గుర్తు పడేలా చూస్తారు. సుమారు పదిహేడు రోజుల ఎద చక్రానికి ఒకసారి రంగు మారిస్తే ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో అంచనా దొరుకుతుంది. ఆ దిమ్మలను చలికి, మధ్యస్థ వాతావరణానికి, ఎండకు వేరువేరు గట్టిదనంలో అమ్ముతారు. పాలమూరులో ఈ పద్ధతి పాటించాలనుకుంటే ఎండకాలపు గట్టి దిమ్మ తప్ప మరొకటి పనికిరాదు.

ఎండ ప్రసక్తి అన్ని తలాలకూ వర్తిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నీడలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో ఉన్న ఇనుప రేకు అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కి పారఫిన్ కరిగే స్థాయిని అందుకుంటుంది. చల్లని దేశాల కోసం చేసిన మెత్తటి కడ్డీ ఆ రేకు మీద పూతగా పారి అక్షరం అలుక్కుపోతుంది. ఎక్కువ డిగ్రీలకు కరిగే మైనం కలిపిన గట్టి కడ్డీ ఎండలో బాగా రాస్తుంది, అదే కడ్డీ డిసెంబరు తెల్లవారుజామున రేకు మీద గీరుకుపోతుంది. సాధ్యమైతే ఏడాదికి రెండు రకాలు తెప్పించుకోవాలి. ఒకటే కొనాల్సి వస్తే గట్టిదే కొని, చలిలో చేతిలో కాసేపు పట్టుకుని రాయడం నయం. రంగుల్లో తెలుపు, పసుపు ముదురు రంగు తలాల మీద దూరానికి కనిపిస్తాయి. ఆరుబయట ఎక్కువ కాలం నిలిచేవి ఇనుప ఆక్సైడు ఎరుపు, బొగ్గు నలుపు. మెరిసే సేంద్రియ ఎరుపులు, గులాబీలు ఎండకు త్వరగా వెలుస్తాయి. టైటానియం తెలుపు రంగు మారదు కానీ, చుట్టూ ఉన్న నూనె ఎండకు శిథిలమై సుద్దపొడిలా రాలుతుంది.

ఆరే నూనెతో చేసిన కడ్డీ నిల్వలో తన మీద తానే తోలు కట్టుకుంటుంది. అది చెడిపోయిందని పారేసేవాళ్లు ఎక్కువ. కొన దగ్గర ఆ తోలును కత్తితో చెక్కేస్తే లోపల మెత్తటి రంగు అలాగే ఉంటుంది. ద్రావకం రకానికి ఆ వెసులుబాటు లేదు. మూత సరిగా పెట్టకపోతే లోపలిదాకా బండ అవుతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద, రేకుల షెడ్డు పైఅరలో ఏ రకాన్నీ దాచకూడదు.

ఆరోగ్యం విషయంలో పనివాళ్లకు చెప్పాల్సినంత చెప్పడం లేదు. కొన్ని రకాల్లో జైలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. ట్యాంకులు, పెద్ద గొట్టాలు వంటి మూసిన చోట గంటల తరబడి రాస్తే తలతిప్పు, తలనొప్పి వస్తాయి. పసుపు, నారింజ రంగుల్లో ఒకప్పుడు సీసపు క్రోమేటు విరివిగా వాడేవారు. మన దేశంలో 2016లో జారీ చేసి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి తెచ్చిన నియమాలు పెయింటులో సీసాన్ని పది లక్షల పాళ్లలో 90కి పరిమితం చేశాయి. కానీ అవి ఇంటి, అలంకరణ పెయింట్లకు ఉద్దేశించినవి. కర్మాగారాల మార్కింగ్ కడ్డీ విషయంలో కొనేవాళ్లే సీసం లేనిదని రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోవాలి. రంగు చేతులతోనే అన్నం ముద్ద తినే షెడ్డుల్లో ఇది చిన్న సంగతి కాదు. గుర్తు ఉన్న ఇనుమును గ్యాస్‌తో కోసినా, గ్రైండర్‌తో గీకినా ఆ సీసమే పొగగా, దుమ్ముగా ఊపిరిలోకి పోతుంది. పిల్లలకు బొమ్మలు గీయడానికి కర్మాగారం నుంచి మిగిలిన కడ్డీలు ఇంటికి తీసుకుపోవడం అస్సలు కూడదు.

తీసేయడానికి మార్గం కడ్డీ జాతిని బట్టి ఉంటుంది. మైనపు గుర్తును వేడి నీరు, సబ్బు వదిలిస్తాయి. ద్రావకం రకానికి థిన్నర్ చాలు. ఆరిన నూనె రంగు థిన్నర్‌కు లొంగదు, దానికి క్షారపు స్ట్రిప్పర్ గానీ గీకుడు గానీ కావాలి. ఆరకముందు, అంటే మొదటి రోజే తుడిస్తే నూనె రకం కూడా తేలికే. కొత్త రకం మార్కర్ కొనేముందు నాలుగు తుక్కు ముక్కల మీద రాసి, అసలు సరుకు వెళ్లే దారిలోనే వాటిని పంపడం నమ్మదగ్గ పరీక్ష. ఒక ముక్క ఎండలో పక్షం రోజులు, ఒకటి ఆమ్లపు తొట్టిలో, ఒకటి వెల్డింగ్ కింద, ఒకటి గోదాము మూలన. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే కంపెనీ కాగితంలో లేని వివరాలు తెలుస్తాయి. ఆ ముక్కల మీద మార్కర్ పేరు, రాసిన తేదీ అచ్చు కొట్టి ఉంచితే, మరుసటి ఏడు అదే పేరుతో వచ్చిన సరుకు మారిందో లేదో పోల్చుకోవడానికి కూడా అక్కరకొస్తాయి.